చవక మజిల్ కారుకు కొత్త ఇంజిన్ వస్తుందట: ఆగాలా, ఉన్నవాటిలో ఎంచుకోవాలా?

ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాళ్ళు డాలస్ చుట్టుపక్కల కొనే మొదటి బండి మామూలుగా కామ్రీయో కరోలాయో అయ్యుంటుంది. రెండో బండి దగ్గరికి వచ్చేసరికి మనసు మజిల్ కార్ల మీద, అంటే బలమైన ఇంజిన్ పెట్టిన అమెరికన్ స్పోర్టీ బండ్ల మీద పడుతుంది: ఫోర్డ్ మస్టాంగో, షెవర్లే కమారోయో, డాడ్జ్ చార్జరో. ఈ మధ్య అలాంటివాళ్ళు చాలామంది ఒకే చోట ఆగిపోతున్నారు. డాడ్జ్ చార్జర్‌లోకి నాలుగు సిలిండర్ల ఇంజిన్ వస్తుందట, ధర దిగుతుందట, అందాకా చూద్దామా అని ఒకరు అడుగుతారు. ఎనిమిది సిలిండర్ల వీ8 మళ్ళీ పెడతారట, అది వచ్చాకే కొందామా అని ఇంకొకరు. కమారో కూడా తిరిగొస్తుందట కదా అని మరొకరు.

నా మాట ముందే చెప్పేస్తాను. బండి ఈ ఏడాది కావాలనుకుంటే రాని ఇంజిన్ కోసం ఆగకండి. వీ8 కోసం ఆగడంలో అయినా కొంత అర్థం ఉంది కానీ, నాలుగు సిలిండర్ల చార్జర్ కోసం ఆగడంలో నాకు ఏ లాభమూ కనిపించడం లేదు. అది రాదని కాదు. వచ్చినా, అదే డబ్బుకు ఇవాళ షోరూములో ఉన్న బండి దానికంటే మెరుగ్గా ఉంటుంది కాబట్టి.

ఈ వదంతి ఎందుకు పుట్టింది

పాత చార్జర్, డాడ్జ్‌దే అయిన రెండు తలుపుల చాలెంజర్ 2023 చివరిదాకా కెనడాలోని బ్రాంప్టన్‌లో తయారయ్యాయి. వాటిలో అందరూ గుర్తుపెట్టుకున్నది 717 హార్స్‌పవర్ హెల్‌క్యాట్‌ని. షోరూముకి వెళ్ళిన మామూలు మనిషి చేతికి అందింది మాత్రం 3.6 లీటర్ల పెంటాస్టార్ వీ6. దాదాపు 305 హార్స్‌పవర్, సాధారణ 87 ఆక్టేన్ పెట్రోలు, 30 వేల డాలర్ల పైచిలుకు ధర. చూడ్డానికి హెల్‌క్యాట్ అన్నలా ఉండేది, నెలవారీ కిస్తీ మాత్రం కామ్రీకి దగ్గరగా ఉండేది.

కొత్త చార్జర్ ముందు ఎలక్ట్రిక్‌గా వచ్చింది. తర్వాత 2026 మోడల్‌లో సిక్స్‌ప్యాక్ పేరుతో పెట్రోలు బండి వచ్చింది. అందులో హరికేన్ అనే 3.0 లీటర్ల ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. కింది రకం ఆర్/టీలో 420 హార్స్‌పవర్, పై రకం స్కాట్ ప్యాక్‌లో 550. ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు. ధర చూడండి: ఆర్/టీ 49,995 డాలర్లు, స్కాట్ ప్యాక్ 54,995, రవాణా ఛార్జీ కాక. అంటే 30 వేలకూ 50 వేలకూ మధ్య డాడ్జ్ దగ్గర మజిల్ కారు అన్నదే లేకుండా పోయింది. ఆ ఖాళీని ఏదో ఒకటి నింపాలి కదా అన్న ఆశలోంచే ఈ వదంతి పుట్టింది.

ఆధారం కూడా లేకపోలేదు. అదే కంపెనీ వాళ్ళ జీప్ గ్రాండ్ చెరోకీలోకి 2026 మోడల్‌తో హరికేన్ 4 అనే 2.0 లీటర్ల టర్బో ఇంజిన్ వచ్చింది. 324 హార్స్‌పవర్, 332 పౌండ్-ఫీట్ టార్క్. ఒక్కో సిలిండర్‌కి రెండేసి స్పార్క్ ప్లగ్గులు, చిన్న ముందు గదిలో మంట మొదలై ఆ జ్వాలలు పెద్ద గదిలోకి చిమ్మే ఏర్పాటు. రెండు లీటర్ల ఇంజిన్ పాత వీ6ని శక్తిలోనూ టార్క్‌లోనూ దాటేసింది. దీన్ని ఇండియానాలోని కొకొమోలో తయారు చేయడానికి పెట్టుబడి కూడా ప్రకటించారు. గ్రాండ్ చెరోకీలో పట్టింది చార్జర్‌లో ఎందుకు పట్టదు అన్నది జనం వాదన. సబబైన వాదనే.

లెక్క తేలేది బరువు దగ్గర

కొత్త చార్జర్ భారీ మనిషి. ఎలక్ట్రిక్ బండికీ పెట్రోలు బండికీ ఒకే నిర్మాణం వాడారు కాబట్టి ఆరు సిలిండర్ల సిక్స్‌ప్యాకే దాదాపు 4,800 పౌండ్లు తూగుతుంది. ఇంజిన్ చిన్నదైతే వంద, నూట యాభై పౌండ్లు తగ్గుతాయనుకుందాం. 324 హార్స్‌పవర్‌తో అంత బరువు లాగితే ఒక్కో హార్స్‌పవర్ మీద 14 పౌండ్లకు పైగా పడుతుంది. పాత చాలెంజర్ వీ6 బరువు 3,850 పౌండ్ల చిల్లర, అంటే హార్స్‌పవర్‌కి పన్నెండున్నర. ఇవాళ్టి నాలుగు సిలిండర్ల మస్టాంగ్ ఎకోబూస్ట్ 3,600 పౌండ్ల దగ్గర ఉండి 315 హార్స్‌పవర్ ఇస్తుంది, అంటే పదకొండున్నర.

టర్బో వల్ల కింది స్పీడులో టార్క్ బాగా వస్తుంది. నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చి ఉంటే సిగ్నల్ దగ్గర నుంచి శుభ్రంగా కదులుతుంది. ఇవన్నీ కలుపుకున్నా, ఆ బండి మస్టాంగ్ ఎకోబూస్ట్ కంటే చురుగ్గా ఉండే అవకాశం తక్కువ. ధర 40 వేలకు దిగినా ఎకోబూస్ట్ దానికంటే చవకగానే ఉంటుంది. వదంతి నిజమైన రోజున మీ చేతికొచ్చేది ఇదైతే, ఏడాదో రెండేళ్ళో ఎందుకు ఆగాలి?

గతంలో ఇలాంటి కబుర్లు ఏమయ్యాయో కూడా చూడాలి. 2017 జనవరిలో ఫోర్డ్ తానే హైబ్రిడ్ మస్టాంగ్ తెస్తున్నామని ప్రకటించింది. 2020కల్లా వస్తుందనీ, వీ8 అంత శక్తి ఉంటుందనీ, మిచిగన్‌లోని ఫ్లాట్ రాక్‌లో తయారవుతుందనీ చెప్పింది. పుకారు కాదు, కంపెనీ అధికారిక ప్రకటన. ఆ బండి నేటికీ రాలేదు. ఆ తర్వాత కెనడా కార్మిక సంఘం ఒప్పందపత్రాల్లో 6.8 లీటర్ల వీ8 ప్రస్తావన కనబడగానే, అది కొత్త మస్టాంగ్‌కే అని ఎంతోమంది తేల్చేసుకున్నారు. ఇంజిన్ నిజంగానే వచ్చింది, కాకపోతే సూపర్ డ్యూటీ ట్రక్కుల్లోకి వెళ్ళింది. 2024 మస్టాంగ్ మళ్ళీ అదే 5.0 లీటర్ల కొయోటీ వీ8తో దిగింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ ఇంజిన్ కబుర్లకి అతికినట్టు సరిపోతుంది.

కాబట్టి ఏ కబురుకి ఎంత విలువివ్వాలో తెలిసుండాలి. ఫ్యాక్టరీ మీద పెట్టుబడి ప్రకటించారంటే ఇంజిన్ వస్తుంది, అది ఏ బండిలోకి అన్నది మాత్రం దాంతో తేలదు. ప్రభుత్వానికి ఇచ్చే వీఐఎన్ (బండి గుర్తింపు) నంబర్ల వివరణ పత్రం దొరికిందంటే చాలా బలమైన సాక్ష్యం, ఎందుకంటే కంపెనీలు ఆ వివరాలను అమ్మకానికి కనీసం 60 రోజుల ముందు ఇవ్వాలి. కాలుష్య ధ్రువీకరణ పత్రాలూ అంతే. పెద్ద మేనేజర్ ఏదో సభలో నవ్వి ఊరుకున్నాడన్నదీ, ముసుగేసిన బండి సైలెన్సర్ చప్పుడు వీడియోలో విన్నామన్నదీ మీ డౌన్ పేమెంట్‌ని ఆపేంత ఆధారాలు కావు.

వీ8 సంగతి

ఇక్కడ మాత్రం గాలి నిజంగా మారింది. మైలేజీ నిబంధనలు తప్పిన కంపెనీలు కట్టాల్సిన జరిమానాను 2025 జూలైలో సంతకమైన చట్టం సున్నా చేసేసింది. పెద్ద ఇంజిన్లు అమ్మితే పడే భారం దాంతో తొలగిపోయింది. అంతకు ముందు నెలలోనే డాడ్జ్ సోదర కంపెనీ రామ్ ట్రక్కులోకి 5.7 లీటర్ల హెమీ వీ8 వెనక్కి వస్తుందని ప్రకటన వచ్చింది. జనరల్ మోటార్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండా ఫ్యాక్టరీ మీద 88.8 కోట్ల డాలర్లు పెట్టి కొత్త తరం వీ8ని 2027లో మొదలుపెడతామంది. అది ప్రధానంగా వాళ్ళ పెద్ద ట్రక్కులు, ఎస్‌యూవీల కోసం. 2023లో కమారో ఆపేస్తున్నప్పుడు కంపెనీ ఇది కమారో కథకి ముగింపు కాదంది, అభిమానులు ఈ రెండింటినీ కలిపి ఆశ పెంచుకున్నారు.

చార్జర్‌లో వీ8 వచ్చే అవకాశం నాలుగు సిలిండర్ల కంటే ఎక్కువని నేనూ అనుకుంటున్నాను. కానీ అది చవకగా వస్తుందని మాత్రం అనుకోను. రామ్‌లో 5.7 హెమీ ఇచ్చేది 395 హార్స్‌పవర్. పక్కనే ఉన్న మామూలు హరికేన్ ఆరు సిలిండర్లది 420. అంటే హెమీని కొనేవాడు శక్తి కోసం కొనడం లేదు, ఆ గర్జన కోసం కొంటున్నాడు. అలా మనసుతో కొనేవాడికి ఏ కంపెనీ అయినా పై ట్రిమ్‌లో, అంటే హంగులు ఎక్కువున్న రకంలో, పై ధరకే అమ్ముతుంది. 1968లో వచ్చిన ప్లిమత్ రోడ్ రన్నర్ లాంటి బండి మళ్ళీ రావాలని నాకూ ఉంది. 383 క్యూబిక్ అంగుళాల వీ8, 335 హార్స్‌పవర్, సోకులన్నీ పీకేసి 3,000 డాలర్ల లోపు అమ్మారు. కొత్త చార్జర్ మొదలయ్యే ధర చూస్తే ఆ పద్ధతి కనుచూపు మేరలో లేదు.

ఉన్నవాటిలో ఏది

"నాలుగు సిలిండర్లది మజిల్ కారేంటి" అనేవాళ్ళకి ముందు ఒక మాట. 1964 ఏప్రిల్‌లో మస్టాంగ్ 2,368 డాలర్లకు వచ్చినప్పుడు ఆ ధరకు దొరికింది వీ8 కాదు, 101 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల ఇంజిన్. 1987లో బ్యుక్ గ్రాండ్ నేషనల్ టర్బో వీ6తో ఆనాటి వీ8లను తరిమింది. 1990లో నాలుగు సిలిండర్ల మస్టాంగ్ శక్తి 88 హార్స్‌పవర్, దాన్ని చిన్నచూపు చూడటం న్యాయమే. ఇవాళ్టి 315 హార్స్‌పవర్ ఇంజిన్‌ని ఆ కళ్ళతో చూడకూడదు.

కొత్త బండి, వారంటీ, 35 వేల డాలర్ల చుట్టుపక్కల అంటే మస్టాంగ్ ఎకోబూస్ట్ ఒక్కటే మిగిలింది. 2024లో మారిన ఈ 2.3 లీటర్ల ఇంజిన్‌లో నాకు బాగా నచ్చింది ఇంధనం చిమ్మే పద్ధతి. 2015 నుంచి 2023 దాకా వచ్చినదాంట్లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే వెళ్ళేది. వాల్వుల వెనకభాగం మీద పెట్రోలు పడదు కాబట్టి మైళ్ళు పెరిగేకొద్దీ అక్కడ మసి పేరుకునేది. కొత్తదాంట్లో వాల్వుల వెనకే పెట్రోలు చిమ్మే పోర్ట్ ఇంజెక్టర్లు కూడా ఉన్నాయి, వాల్వులు కడిగినట్టు శుభ్రంగా ఉంటాయి. బండిని పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి ఇది హార్స్‌పవర్ అంకె కంటే ముఖ్యం. లోటు కూడా ఉంది: 2024 నుంచి దీనికి స్టిక్ షిఫ్ట్ లేదు, పది గేర్ల ఆటోమేటిక్ మాత్రమే. శబ్దం కూడా వీ8 శబ్దం కాదు, లోపల వినిపించేదాంట్లో కొంత స్పీకర్ల నుంచి వచ్చేదే. మీరు ఈ బండిని కోరుకునేదే చప్పుడు కోసమైతే ఎకోబూస్ట్ కొని ఆర్నెల్లకే అసంతృప్తి పడతారు, కొనకండి.

మస్టాంగ్ జీటీలో 5.0 లీటర్ల కొయోటీ, 480 హార్స్‌పవర్. ఆరు గేర్ల మాన్యువల్ దొరుకుతుంది. మనిషి కాలితో మాట్లాడే ఇంజిన్ ఇది, ఏడు వేల ఆర్‌పీఎం దాటి లాగుతుంది, మధ్యలో ఎక్కడా అలసట ఉండదు. 2024 మోడల్ ధరలు ప్రకటించినప్పుడు ఎకోబూస్ట్ 30,920, జీటీ 41,495, రవాణా ఛార్జీ కాక. ఆ తర్వాత రెండూ పెరిగాయి, జీటీ ఇంకా వేగంగా పెరిగింది.

ఈ రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్ళు ఎక్కువగా పెట్రోలు ఖర్చు గురించి భయపడతారు. ఒకసారి లెక్క వేద్దాం. 2024 ఆటోమేటిక్‌కి ప్రభుత్వ లెక్కలో సగటు మైలేజీ ఎకోబూస్ట్‌ది గాలన్‌కి 26 మైళ్ళు, జీటీది 18. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే ఒకదానికి 462 గాలన్లు, రెండోదానికి 667. తేడా 205 గాలన్లు. గాలన్ 3 డాలర్లనుకుంటే ఏడాదికి 615 డాలర్లు, నెలకి 50 చిల్లర. ఐదేళ్ళు నడిపినా 3,000 డాలర్ల దగ్గర ఆగుతుంది. కొనే ధరలో తేడా పది వేల పైన. అంటే జీటీని ఖరీదు చేసేది పెట్రోలు కాదు, కొనే రోజు కట్టే డబ్బు, దాని మీద వడ్డీ, ఇన్సూరెన్స్. ఈ కారణంగానే కొత్త జీటీ కోసం సాగదీసి లోన్ తీసుకోవడం కంటే 2018 నుంచి 2023 మధ్య జీటీని వాడినది కొనడం నయమని నేను చెబుతాను. 2018లో దానికి కూడా రెండు రకాల ఇంజెక్టర్లు వచ్చాయి, శక్తి 460కి పెరిగింది.

కమారో 2023 డిసెంబరులో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ దాదాపు వాడినవే. నడపడానికి ఈ మూడింటిలోకి గొప్ప బండి ఇదే. మలుపులో దాని నిలకడ ముందు మస్టాంగ్ ఒక మెట్టు కిందే. 3.6 లీటర్ల వీ6 335 హార్స్‌పవర్ ఇస్తుంది, టర్బో లేదు, 87 పెట్రోలు చాలు, మాన్యువల్ కూడా వచ్చేది. చవక మజిల్ అనే మాటకి అతి దగ్గరగా వచ్చే ఇంజిన్ ఇదేనని నా నమ్మకం. 2.0 టర్బో 275 హార్స్‌పవర్‌ది కూడా ఉంటుంది, వీ6 దొరుకుతుంటే దాని జోలికి వెళ్ళకండి. 2020 నుంచి ఎల్‌టీ1 అనే ట్రిమ్ వచ్చింది, పై ట్రిమ్ ఎస్ఎస్‌లోని 455 హార్స్‌పవర్ వీ8నే హంగులు తగ్గించి 35 వేల డాలర్ల దగ్గర అమ్మారు. అది మంచి స్థితిలో కంటపడితే ఎక్కువ ఆలోచించకండి. వీ8 వస్తుందా రాదా అని ఎదురుచూస్తున్నవాళ్ళకి నిజమైన జవాబు అదే.

కమారో లోపం దాని డిక్కీ. 9.1 క్యూబిక్ అడుగులు, మూత ఇంకా చిన్నది. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి డాలస్ విమానాశ్రయం డీఎఫ్‌డబ్ల్యూలో దిగితే ఇద్దరికీ కలిపి 23 కిలోల పెట్టెలు నాలుగు ఉంటాయి. కమారోలో పెద్ద పెట్టె ఒకటి పట్టడమే కష్టం. మస్టాంగ్‌లో ఒకటి డిక్కీలో, ఇంకొకటి వెనక సీటులో సర్దవచ్చు, కానీ అప్పుడు అమ్మ ఎక్కడ కూర్చుంటుంది? ఇంట్లో రెండో బండి ఉంటే ఈ చింత లేదు. ఒక్కటే బండి అయితే ఇది చిన్న విషయం కాదు.

అక్కడే చాలెంజర్, చార్జర్ పనికొస్తాయి. పాత చాలెంజర్ డిక్కీ 16.2 క్యూబిక్ అడుగులు, వెనక సీటులో పెద్దవాళ్ళు కూడా కూర్చోగలరు. 5.7 హెమీ ఆర్/టీ అయితే 375 హార్స్‌పవర్ దాకా, మాన్యువల్‌తో కూడా దొరికేది. కొత్త సిక్స్‌ప్యాక్‌కి వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది, సీట్లు మడిస్తే నాలుగు పెట్టెలూ పడతాయి. నాలుగు చక్రాలకీ పవర్, కావాలంటే వెనక చక్రాలకే ఇచ్చుకోవచ్చు. షికాగోలోనో డెట్రాయిట్‌లోనో ఉంటూ ఏడాదంతా ఒకే బండి నడపాలంటే ఇవన్నీ నిజమైన లాభాలే. జీటీకి పెర్ఫార్మెన్స్ ప్యాకేజీతో వచ్చే సమ్మర్ టైర్లు 40 ఫారన్‌హీట్ కిందికి పడితే రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తాయి, వాటితో మంచులోకి వెళ్ళడం ప్రమాదం. అయినా 50 వేల డాలర్ల బండిని నేను చవక బండి అనలేను. సిక్స్‌ప్యాక్ మీద మనసున్నవాళ్ళు కొత్త ఇంజిన్ కోసం కాదు, డీలర్ దగ్గర ధర తగ్గడం కోసం ఆగితే ఫలితం ఉంటుంది.

వాడిన బండి చూసేటప్పుడు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వచ్చేసరికి బండి స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారంటే, చెయ్యి బానెట్ మీద పెట్టి చూసి, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి.

హెమీ అయితే స్టార్ట్ కాగానే ముందు చక్రం పక్కన నిలబడి వినండి. టిక్, టిక్, టిక్ అని గడియారంలా వినిపిస్తే రెండు కారణాలుండొచ్చు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగితే సందులోంచి గాలి తన్నుతుంది. లోహం వేడెక్కి వ్యాకోచించాక ఆ చప్పుడు తగ్గిపోతుంది, బాగు చేయించుకోవచ్చు. ఐదు పది నిమిషాలు నడిచాక కూడా ఆ చప్పుడు పోలేదంటే వాల్వుల్ని కదిలించే లిఫ్టర్, దాని కింద క్యామ్ అరుగుతున్నాయేమో అనుమానించాలి. అది బేరమాడి కొనే సమస్య కాదు, ఆ బండి వదిలేయండి.

కమారోలో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉంటే 35 నుంచి 60 మైళ్ళ మధ్య యాక్సిలరేటర్ మీద తేలిగ్గా కాలుపెట్టి నడపండి. రోడ్డు నున్నగా ఉన్నా గరుకు పట్టీల మీద వెళ్తున్నట్టు వణికితే ఇంజిన్‌నీ గేరుబాక్సునీ కలిపే టార్క్ కన్వర్టర్ వణుకు అది. ఫ్లూయిడ్ మొత్తం కొత్త రకానిది మార్పిస్తే చాలావాటికి పోయింది, ఆ మార్పు జరిగిందో లేదో సర్వీస్ కాగితాల్లో అడగండి. వీ8 ఆటోమేటిక్ కమారోలు తేలిగ్గా వెళ్ళేటప్పుడు నాలుగు సిలిండర్లను ఆపేస్తాయి, మాన్యువల్‌వి ఆపవు. ఆ ఏర్పాటుతో వచ్చే లిఫ్టర్ల గొడవ లేకుండా ఉండాలంటే మాన్యువల్ మేలు.

ఎకోబూస్ట్ విషయంలో పెద్ద భయం ముందు నడిపినవాళ్ళు ఇంజిన్‌లో చేసిన మార్పులే. ల్యాప్‌టాప్ పెట్టి బూస్ట్ పెంచేసి, అమ్మేముందు మళ్ళీ మామూలు ప్రోగ్రాం ఎక్కించే వాళ్ళున్నారు. గాలి తీసుకునే గొట్టం బయటి కంపెనీదైతే, క్యాటలిటిక్ కన్వర్టర్ చోట ఉత్త గొట్టం ఉంటే తప్పుకోండి. టెక్సాస్‌లో 2025 నుంచి సేఫ్టీ తనిఖీ తీసేసినా డాలస్, కాలిన్, టారెంట్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది, అక్కడ అది పాసవ్వదు. కన్వర్టిబుల్ ఎకోబూస్ట్‌లు చాలావరకు అద్దె కంపెనీల్లో తిరిగినవి, హిస్టరీ రిపోర్టులో మొదటి ఓనరు ఎవరో చూసుకోండి. డాలస్ వైపు వడగళ్ళ దెబ్బలు కూడా తప్పకుండా చూడాలి. బానెట్‌ని ఎండలో ఎదురుగా కాక పక్క నుంచి, కళ్ళు దాని ఎత్తుకి దించి చూస్తే చిన్న గుంటలు కూడా బయటపడతాయి.

ఇన్సూరెన్స్, లోన్, వీసా

బండి మీద మనసు పడకముందే ఆ వీఐఎన్ నంబరు పెట్టి మూడు నాలుగు చోట్ల ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర రెండు మూడేళ్ళే ఉన్న పాతికేళ్ళ కుర్రాడికి ఎకోబూస్ట్‌కీ జీటీకీ మధ్య తేడా, మనం పైన వేసిన పెట్రోలు లెక్కని దాటిపోవచ్చు. దొంగతనాలు ఇంకో కారణం. 2020–22 మోడళ్ళ లెక్కలో చార్జర్ హెల్‌క్యాట్ దొంగతనం క్లెయిములు సగటు బండి కంటే 60 రెట్లు. ఆ తర్వాతి నివేదికలో కమారో జెడ్ఎల్1 పైకి వచ్చింది. మీరు కొనేది వీ6 అయినా, ఊరిని బట్టి ఆ పేరు ప్రభావం ప్రీమియం మీద కొంత పడుతుంది.

72 నెలల లోన్ తీసుకుంటే కిస్తీ చిన్నగా కనబడుతుంది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే స్టెమ్ ఓపీటీ పొడిగింపు 24 నెలలు, హెచ్1బీ ఒకసారి ఇచ్చేది మూడేళ్ళ దాకా. చేతిలో ఉన్న వీసా గడువు కంటే పొడవైన లోన్ పెట్టుకుంటే, ఉద్యోగం మారాల్సివచ్చినా ఇంటికి వెళ్ళాల్సివచ్చినా బండి విలువ కంటే బాకీ ఎక్కువుండి అమ్మలేని పరిస్థితి వస్తుంది. 48 నెలల్లో కట్టలేని బండి మీకు ఇవాళ్టికి ఎక్కువ బండి అనుకోండి. ఇండియాకి తీసుకెళ్ళిపోదాంలే అన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న వాడిన బండిని అక్కడికి దిగుమతి చేసుకోనివ్వరు. హైదరాబాద్ రోడ్ల మీద మీరు చూసే మస్టాంగ్‌లలో ఎక్కువవి 2016 నుంచి ఫోర్డ్ కుడివైపు స్టీరింగ్‌తో తెచ్చి అమ్మిన 5.0 జీటీలు, అప్పట్లోనే 65 లక్షల షోరూము ధరతో మొదలైనవి.

ఎవరు ఆగవచ్చు

ఇప్పుడున్న బండి ఇబ్బంది పెట్టకుండా నడుస్తూ, దాని లోన్ తీరిపోయి, మీకు కావాల్సింది కొత్త వీ8 నాలుగు తలుపుల బండే అయితే ఆగండి. అలాంటిది ఇవాళ ఈ ధరల్లో లేదు, మీరు వదులుకునేదీ ఏమీ లేదు. ఆ కిస్తీ డబ్బు నెలనెలా పక్కన పెడితే ఏడాదిన్నరలో డౌన్ పేమెంట్ గట్టిపడుతుంది. కొత్త ఇంజిన్ వచ్చిన మొదటి ఏడాది కొనకుండా రెండో ఏడాది మోడల్ తీసుకోండి, మొదటి ఏడాది బయటపడే లోపాలను అప్పటికి సర్దేస్తారు.

మాన్యువల్ గేరు మీద ప్రాణమున్నవాళ్ళు మాత్రం ఆగకూడదు. కొత్త చార్జర్‌లో అది లేదు, ఎకోబూస్ట్‌లోంచి తీసేశారు, కమారో, చాలెంజర్ ఆగిపోయాయి. కొత్తగా మిగిలింది మస్టాంగ్ వీ8 ఒక్కటే. వదంతుల్లో వినిపించే ఏ ఇంజిన్ పక్కనా మూడో పెడల్ మాట నాకు వినిపించలేదు. మాన్యువల్ కమారో వీ6 గానీ, 2023 లోపు మాన్యువల్ ఎకోబూస్ట్ గానీ తక్కువ మైళ్ళతో, ఒకే ఓనరు చేతిలో, సర్వీస్ కాగితాలతో దొరికితే ఈ శనివారమే వెళ్ళి పొద్దున చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేయించి చూడండి.